సరిహద్దు అవతలి చౌక ఎవరి శ్రమ?

యూరప్ ఆర్థిక వ్యవహారాల గురించి మాట్లాడేవాళ్లు ఒక సంగతి మురిపెంగా చెబుతుంటారు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరవాసులు శనివారం వస్తే జర్మనీ వెళ్లి సరుకులు తెచ్చుకుంటారు. నార్వే వాళ్లు స్వీడన్ వెళ్లి మాంసం, మిఠాయిలు కొనుక్కుంటారు. డెన్మార్క్ వాళ్లు జర్మనీ సరిహద్దులో బీరు కేసులు కార్లకెత్తుకుంటారు. వియన్నా వాళ్లు హంగరీలోని మొషోన్‌మాద్యరోవార్ అనే చిన్న పట్నానికి వెళ్లి పళ్లు కట్టించుకుని, జుట్టు కత్తిరించుకుని సాయంత్రానికి ఇంటికి చేరతారు. ఒక దేశంలో పన్ను ఎక్కువ, పక్క దేశంలో తక్కువ. ఒక కరెన్సీ బలంగా ఉంటుంది, ఇంకొకటి బలహీనంగా ఉంటుంది. తెలివైన వినియోగదారుడు ఈ తేడాని తనకి లాభంగా మలుచుకుంటాడు, ఇందులో నష్టపోయేవాళ్లెవరూ లేరు అని ముక్తాయిస్తారు.

ఈ ముక్తాయింపుతోనే నాకు పేచీ ఉంది. సరిహద్దు అవతల ఏదైనా చౌకగా దొరికిందంటే, ఆ తగ్గింపుని ఎవరో ఒకరు భరించారన్నమాట. యూరప్‌లో ఆ భారంలో పెద్ద వాటా స్త్రీల మీద పడుతోంది. ధరల లెక్కలు దాన్ని కనబడనివ్వవు. అంతటితో ఆగకుండా ప్రభుత్వాలు ఆ లెక్కల్నే ఆధారం చేసుకుని స్త్రీల వేతనాల్లో, వాళ్ల పిల్లలకిచ్చే భత్యాల్లో కోత పెడుతున్నాయి. ఈ మూడు విషయాలూ ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మన సంఘాలకీ, మన పత్రికకీ యూరప్ ధరలతో పనేమిటని కొందరు పాఠకులు అడగవచ్చు. పన్ను, మారకపు రేటు, జీవన వ్యయం అనే మాటలు వినగానే ఇవి మన విషయాలు కావని పక్కకి తప్పుకోవడం మనకి అలవాటుగా మారింది. హింస గురించి, చట్టాల గురించి మాట్లాడినంత ధైర్యంగా బడ్జెట్ గురించి మాట్లాడం. ఆ జంకు వల్ల లాభపడేది ఎవరో ఆలోచించాలి.

ధరల సూచీ చెప్పనిది

యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ ఏటా దేశాల ధరల స్థాయిని పోల్చి ప్రకటిస్తుంది. యూనియన్ సగటు 100 అనుకుంటే, 2023లో డెన్మార్క్ సుమారు 143 దగ్గర ఉంది. బల్గేరియా, రుమేనియా సుమారు 60 దగ్గర ఉన్నాయి. అంటే డెన్మార్క్‌లో 143 యూరోలు పెడితే వచ్చేది రుమేనియాలో 60 యూరోలకే వస్తుందన్నమాట. ఈ అంకె చూసి ‘రుమేనియా చౌక దేశం, అక్కడ తక్కువ జీతంతోనూ హాయిగా బతకవచ్చు’ అనేస్తారు.

అయితే ఇది సగటు. మెలిక అంతా సగటులోనే ఉంది. పెట్రోలు, సెల్ ఫోను, వాషింగ్ మెషీను, సబ్బు పొడి, పసిపిల్లల డైపర్లు – ఇటువంటివి సరిహద్దులు దాటి తిరిగే సరుకులు. వీటి ధరల్లో దేశానికీ దేశానికీ మరీ పెద్ద అంతరం ఉండదు. రుమేనియా కార్మికురాలు తన తక్కువ జీతంలోంచి వీటికి చెల్లించేది దాదాపు యూరప్ ధరే. మరి సగటు అంత కిందికి ఎలా దిగింది? ఇంటద్దెల వల్ల కొంత. మిగిలింది సేవల వల్ల. జుట్టు కత్తిరించడం, బట్టలు కుట్టడం, పిల్లల్ని చూసుకోవడం, బడిలో చదువు చెప్పడం, రోగులకి సేవ చేయడం, వృద్ధులకి స్నానం చేయించడం, హోటల్ గదులు ఊడ్చడం. సేవ ధరలో చాలా భాగం ఆ పని చేసే మనిషి కూలే. ఈ పనుల్లో ఎక్కువగా ఉన్నది ఎవరో మనకి తెలుసు.

కాబట్టి ఒక దేశాన్ని ‘చౌక’ అన్నామంటే, అక్కడ ఆయాకీ, నర్సుకీ, టీచరుకీ, కుట్టుపని చేసే ఆమెకీ తక్కువ కూలి ఇస్తున్నారని చెప్పినట్టే. చౌకదనం ఆ నేలలో పుట్టింది కాదు. ఆర్థికవేత్తలు దీనికో వివరణ ఇస్తారు. ఆ దేశంలో ఫ్యాక్టరీల ఉత్పాదకత తక్కువ, అందుకని అక్కడ వేతనాలు తక్కువ, ఆ తక్కువ వేతనమే సేవల రంగానికీ పాకుతుంది అంటారు. సరే. కానీ ముసలావిడని మంచం మీంచి లేపి కూర్చోబెట్టడానికి బెర్లిన్‌లో ఎంత బలం, ఎంత ఓపిక కావాలో బుకారెస్ట్‌లోనూ అంతే కావాలి. ఆ పనిలో ఉత్పాదకత ఎక్కడా తగ్గలేదు. తగ్గింది కూలి మాత్రమే. ఆమె సరిహద్దు దాటి బెర్లిన్ వచ్చి అదే పని చేసినప్పుడు ఆమెకి బెర్లిన్ కూలి ఇస్తారా? ఈ ప్రశ్నకి జవాబు కొంచెం ముందుకి వెళ్లాక చూద్దాం.

ఇక జీతం లేని ఇంటిపని ఈ సూచీల్లో లెక్కకే రాదు. ధరలు పెరిగినప్పుడు బయట కొనేది మానేసి ఇంట్లో వండేది, పాతబట్ట బాగుచేసి తొడిగేది, నాలుగు దుకాణాలు తిరిగి నాలుగు సెంట్లు తగ్గించేది ఎవరు? కుటుంబం ‘పొదుపు’ చేసిందని రాస్తారు. ఆ పొదుపు ఏ మనిషి గంటల్లోంచి వచ్చిందో రాయరు.

పన్ను ఎవరి దగ్గర వసూలవుతోంది?

యూరప్‌లో దాదాపు ప్రతి కొనుగోలు మీదా వ్యాట్ ఉంటుంది. యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం సాధారణ రేటు 15 శాతం కన్నా తగ్గకూడదు. ఆ పైన ఎవరి ఇష్టం వాళ్లది. లక్సెంబర్గ్‌లో 17 శాతం. జర్మనీలో 19. డెన్మార్క్‌లో 25, అదీ తిండి మీద కూడా. హంగరీలో 2012 నుంచి 27 శాతం, యూనియన్ మొత్తంలో అదే ఎక్కువ. ఆదాయపు పన్ను సంపాదనని బట్టి ఉంటుంది. వ్యాట్ కొన్న మనిషి ఎవరని అడగదు. నెల జీతమంతా సరుకులకే పోయే ఇంటి నుంచి జీతమంతటి మీదా వసూలు చేస్తుంది. సగం జీతం దాచుకోగలిగిన ఇంటి నుంచి సగం మీదే వసూలు చేస్తుంది. పేదల్లో స్త్రీలు ఎక్కువ, ఒంటరి తల్లులు ఇంకా ఎక్కువ. కనుక ఈ పన్నుకి లింగ భేదం లేదనడం కాగితం మీది మాట.

హంగరీనే తీసుకుందాం. 2020 నుంచి నలుగురు లేక అంతకన్నా ఎక్కువ మంది పిల్లల్ని కన్న తల్లులకి అక్కడ ఆదాయపు పన్ను లేదు. మాతృత్వాన్ని గౌరవించామని ప్రభుత్వం చాటుకుంది. జీతం ఎంత ఎక్కువైతే ఈ మినహాయింపు అంత ఎక్కువ. జీతమే లేని తల్లికి దక్కేది సున్నా. పేద తల్లికి నిజంగా అక్కరకొచ్చేది నెలనెలా అందే కుటుంబ భత్యం. ఒక బిడ్డ ఉన్న ఇంటికి 2008లో నిర్ణయించిన 12,200 ఫోరింట్లు పదిహేనేళ్ల తర్వాతా అలాగే ఉంది. 2008లో యూరోకి సుమారు 250 ఫోరింట్లు. 2022లో 400 దాటింది. అంటే భత్యాన్ని ఎవరూ కోయకుండానే యూరోల్లో దాని విలువ 50కి దగ్గర నుంచి 30కి దిగింది. 2022 డిసెంబరు నాటికి హంగరీలో తిండి ధరలు ఏడాదిలో 40 శాతానికి పైగా పెరిగాయి. ఆ పెరిగిన ధర మీద మళ్లీ వ్యాట్. కొడుకుల్ని కనమని స్త్రీకి ఒక చేత్తో పతకం ఇచ్చి, రెండో చేత్తో ఆమె సంచీలో చెయ్యిపెట్టడం అంటే ఇదే.

ముట్టు సామాగ్రి మీద పన్ను చరిత్ర అందరూ తెలుసుకోవాల్సినది. జర్మనీలో పుస్తకాల మీద, పూల గుత్తుల మీద తగ్గింపు రేటు 7 శాతం ఉన్న రోజుల్లో శానిటరీ ప్యాడ్ల మీద 19 శాతం ఉండేది. పూలు అవసరమట, ప్యాడ్లు విలాసమట! 2019లో అక్కడ ఒక చిన్న సంస్థ టాంపాన్లని పుస్తకంలో పెట్టి, పుస్తకం పన్నుతోనే అమ్మి ప్రభుత్వాన్ని ఎండగట్టింది. ఉద్యమాల ఒత్తిడితో 2020 జనవరి నుంచి రేటు 7కి దిగింది. బ్రిటన్ 2001లో 5 శాతానికి తగ్గించింది. యూనియన్ నియమం ఇంకా తగ్గించనివ్వదు కనుక, అందులోంచి బయటికి వచ్చాక 2021 జనవరిలో ఎత్తేసింది. ఐర్లాండ్‌లో మాత్రం పాత మినహాయింపు వల్ల ఎప్పటినుంచో సున్నాయే. చివరికి 2022 ఏప్రిల్‌లో యూనియన్ తన నియమాన్నే సడలించింది. ఒకే శరీర ధర్మం. సరిహద్దు ఈ పక్క 27 శాతం, ఆ పక్క సున్నా. ఏది అవసరం, ఏది విలాసం అని నిర్ణయించే బల్ల ముందు స్త్రీలు లేనప్పుడు ఇలాగే ఉంటుంది.

ఇప్పుడు పన్ను కట్టకుండా కొనే మనిషిని చూద్దాం. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు. స్విస్ పౌరుడు జర్మనీ సరిహద్దు పట్నం కాన్‌స్టాన్జ్‌లో సరుకులు కొని, రసీదు మీద కస్టమ్స్ ముద్ర వేయించుకుంటే జర్మనీ వ్యాట్ వెనక్కి వస్తుంది. 2024 దాకా తన దేశంలోకి మనిషికి రోజుకి 300 ఫ్రాంకుల విలువ దాకా తెచ్చుకుంటే అక్కడా పన్ను ఉండేది కాదు. అంటే ఈ దేశానికీ కట్టలేదు, ఆ దేశానికీ కట్టలేదు. జర్మనీ 2020లో 50 యూరోలు దాటిన కొనుగోళ్లకే పన్ను వాపసు అంది. స్విట్జర్లాండ్ 2025లో ఆ 300ని 150 ఫ్రాంకులకి తగ్గించింది. అంతకుముందు ఏళ్ల తరబడి ఈ రెండు పన్నుల సందులోంచి కార్లు నడిచాయి. ఆ సరుకులకి బిల్లు కొట్టే అమ్మాయి మాత్రం తన పాలకీ రొట్టెకీ 7 శాతం, మిగతా వాటికి 19 శాతం కడుతూనే ఉంది. ఆమెకి సరిహద్దు అవతల కొనే స్తోమత లేదు. అక్కడ ధరలు ఇంకా ఎక్కువ.

పక్క దేశం చౌకగా ఉందన్న భయంతో ప్రభుత్వాలు తమ పన్నులు తామే తగ్గించుకోవడం మరొక వ్యవహారం. ఎస్టోనియా 2004 మేలో యూనియన్‌లో చేరింది. అక్కడ సారాయి చౌక. ఫిన్లాండ్ జనం రెండు గంటల ఓడ ప్రయాణంతో అక్కడికి వెళ్లి తెచ్చుకుంటారనీ, తన ఖజానాకి గండి పడుతుందనీ ఫిన్లాండ్ ప్రభుత్వం ముందుగానే మార్చిలో మద్యం పన్నుని సగటున మూడోవంతు తగ్గించింది. ఆ ఏడాది మద్యం వాడకం సుమారు 10 శాతం పెరిగింది. మద్యం వల్ల చనిపోయేవాళ్లూ పెరిగారు. 2008 నుంచి మళ్లీ పన్ను పెంచుకుంటూ రాక తప్పలేదు. సీసా చౌకయితే ఇంట్లో దెబ్బలు తినేది ఎవరో 1992లో దూబగుంట నుంచి లేచిన సారా ఉద్యమాన్ని చూసిన మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఖజానా లెక్కలో ఆ దెబ్బలకి పద్దు ఉండదు, అక్కడైనా ఇక్కడైనా.

జూరిక్‌లో నిర్ణయం, బుడాపెస్ట్‌లో వాయిదా

మారకపు రేటు అనేది పేపర్లో వ్యాపారం పేజీ విషయమని వదిలేస్తాం. 2000ల మధ్యలో హంగరీ, పోలండ్ వంటి దేశాల్లో బ్యాంకులు ఇల్లు కొనుక్కునే వాళ్లకి స్విస్ ఫ్రాంకుల్లో అప్పులిచ్చాయి. సొంత కరెన్సీ అప్పు కన్నా వడ్డీ తక్కువని ఊరించాయి. జీతం ఫోరింట్లలో, వాయిదా ఫ్రాంకుల్లో. 2008 మధ్యలో ఫ్రాంకుకి సుమారు 150 ఫోరింట్లు. 2011 వేసవికి 240 దాటింది. అంటే ఇంట్లో ఒక్క కుర్చీ కొత్తగా చేరకుండానే నెల వాయిదా మాత్రం సగానికి పైగా పెరిగింది. 2011 సెప్టెంబరులో స్విస్ కేంద్ర బ్యాంకు యూరోకి 1.20 ఫ్రాంకులని ఒక హద్దు పెట్టి, 2015 జనవరి 15న ఒక్క ప్రకటనతో ఆ హద్దు ఎత్తేసింది. గంటల్లో ఫ్రాంకు ఆకాశానికెక్కింది. బాసెల్ వినియోగదారుడికి జర్మనీ సరుకులు ఆ రోజు నుంచి ఇంకా చౌకయ్యాయి. పోలండ్‌లో ఫ్రాంకు అప్పున్న కుటుంబాల వాయిదా అదే రోజు పెరిగింది. హంగరీలో అంతకు కొద్ది నెలల ముందే అప్పుల్ని ఫోరింట్లలోకి మార్చే చట్టం వచ్చింది కాబట్టి ఈ రెండో దెబ్బ తప్పింది.

ఒకే ప్రకటన ఒకరికి లాభం, ఇంకొకరికి శాపం. లాభం పొందినవాడి బొమ్మ పత్రికల్లో వచ్చింది, నిండిన కారు డిక్కీతో సహా. వాయిదా కట్టడానికి కూరగాయలు తగ్గించిన ఇల్లాలి బొమ్మ రాలేదు. జీతం పెరగకుండా వాయిదా పెరిగినప్పుడు ఇంట్లో మొదట తగ్గేది ఎవరి కంచం, మొదట వాయిదా పడేది ఎవరి వైద్యం అన్నది ఏ దేశపు ఆడవాళ్లనడిగినా చెబుతారు. ఇది కేవలం దురదృష్టం కాదు. మారకపు రేటు ఎటు పోతుందో బ్యాంకుకే తెలియనప్పుడు, ఆ జూదం భారమంతా జీతగాళ్ల మీదికి తోసిన ఒప్పందం అది. పోలండ్ ఫ్రాంకు అప్పు కేసులో 2019 అక్టోబరులో యూరోపియన్ న్యాయస్థానం వినియోగదారుల పక్షాన తీర్పు ఇచ్చిన తర్వాతగానీ అక్కడి వేలాది మందికి కోర్టుల్లో ఊరట మొదలు కాలేదు.

సరిహద్దు అవతలి బిడ్డకి సగం

ఇందాక వదిలేసిన ప్రశ్నకి వద్దాం. పేద దేశపు స్త్రీ ధనిక దేశానికి వచ్చి పనిచేస్తే ఆమె శ్రమకి ఏ దేశపు విలువ కడతారు?

ఆస్ట్రియాలో వృద్ధుల్ని ఇంట్లోనే ఇరవైనాలుగు గంటలూ చూసుకునే పనిని 2007లో చట్టబద్ధం చేశారు. ఈ పనిలో సుమారు 60 వేల మంది ఉన్నారు. తొంభై శాతానికి పైగా స్త్రీలు, అందులో అధికభాగం స్లొవేకియా, రుమేనియాల నుంచి వచ్చినవాళ్లు. రెండు వారాలో, నాలుగు వారాలో ముసలివాళ్ల ఇంట్లోనే ఉండి పనిచేస్తారు. మళ్లీ బస్సెక్కి తమ పిల్లల దగ్గరికి వెళతారు. ఆ స్థానంలోకి ఇంకొకామె వస్తుంది. కాగితాల మీద వాళ్లు ‘స్వయం ఉపాధి’లో ఉన్నట్టు. అందుకని కనీస వేతనం వర్తించదు, పనిగంటల చట్టం వర్తించదు. ఆమె వియన్నాలో ఎవరి తల్లికో అన్నం తినిపిస్తున్నప్పుడు, ఆమె పిల్లలకి ఊళ్లో ఉన్న అమ్మమ్మ వండిపెడుతుంది. సామాజికశాస్త్రజ్ఞురాలు ఆర్లీ హాక్‌షీల్డ్ 2000లో దీన్ని సంరక్షణ గొలుసు అన్నది. గొలుసు చివరికి వెళ్లేకొద్దీ డబ్బు తగ్గుతూ వచ్చి, ఆ అమ్మమ్మ దగ్గర సున్నా అవుతుంది.

2019 జనవరిలో ఆస్ట్రియా ప్రభుత్వం ఒక కొత్త లెక్క తీసింది. ఆస్ట్రియాలో పనిచేసేవాళ్ల పిల్లలు వేరే దేశంలో ఉంటే, ఆ దేశపు జీవన వ్యయాన్ని బట్టి కుటుంబ భత్యాన్ని సవరిస్తామంది. రుమేనియాలో ఉన్న బిడ్డకి భత్యం సుమారు సగమైంది. స్లొవేకియా, హంగరీ పిల్లలకీ కోత పడింది. సమర్థన వినడానికి సబబుగానే ఉంది – అక్కడ పాలు చౌక, బట్టలు చౌక, బిడ్డని పెంచడానికి తక్కువ చాలు. ఎక్కడ మొదలైన లెక్క ఎక్కడికి చేరిందో చూడండి. ముందు ఆ దేశపు స్త్రీల శ్రమకి తక్కువ కట్టారు. దాని వల్ల ఆ దేశం ‘చౌక’ అయింది. ఇప్పుడు ఆ చౌకదనాన్నే సాక్ష్యంగా చూపి వాళ్ల పిల్లల భత్యం కోశారు.

మరుసటి ఏడాది, 2020 మార్చిలో, కరోనా వల్ల సరిహద్దులు మూతపడ్డాయి. ముసలివాళ్లని చూసుకునే దిక్కు లేదు. అప్పుడు ఆస్ట్రియా రుమేనియా, బల్గేరియాల నుంచి ఈ స్త్రీల కోసం ప్రత్యేక విమానాలు నడిపించింది. మేలో తిమిషోవారా నుంచి ప్రత్యేక రైలు వేసింది. ఇంటికి వెళ్లకుండా ఉండిపోతే 500 యూరోలు బోనస్ ఇస్తామంది. ఆమె లేకపోతే గడవదని తేలినప్పుడు విమానం, ఆమె బిడ్డ విషయానికొచ్చేసరికి సగం!

2022 జూన్ 16న యూరోపియన్ న్యాయస్థానం ఈ సవరణ చెల్లదని తీర్పు చెప్పింది. ఆ తీర్పులో ఒక మాట మనం గుర్తుపెట్టుకోదగ్గది. ఈ కార్మికులు ఆస్ట్రియా పౌరులతో సమానంగా పన్నులూ సామాజిక భద్రతా చందాలూ కడుతున్నారు. పైగా ఆస్ట్రియాలోనే ఒక ప్రాంతానికీ ఇంకో ప్రాంతానికీ ధరల తేడా ఉన్నా, దాన్ని బట్టి భత్యం మారడం లేదు. వియన్నా బిడ్డకీ కొండ పల్లెలోని బిడ్డకీ ఒకే మొత్తం ఇస్తూ, విదేశీ తల్లి బిడ్డ దగ్గర మాత్రమే జీవన వ్యయం గుర్తుకొస్తే దాన్ని వివక్ష అనే అంటారు. మూడున్నరేళ్ల బకాయిలు తిరిగి చెల్లించాల్సి వచ్చింది.

జర్మనీలోనూ ఇదే కథ. బల్గేరియా నుంచి వచ్చి ఒక వృద్ధురాలి ఇంట్లో పనిచేసిన స్త్రీకి ఒప్పందంలో వారానికి 30 గంటలని రాశారు. పగలూ రాత్రీ ఆమె అక్కడే ఉంది, పిలిస్తే లేవాలి. 2021 జూన్ 24న అక్కడి అత్యున్నత కార్మిక న్యాయస్థానం, పిలుపు కోసం ఎదురుచూసే గంటలకి కూడా కనీస వేతనం ఇవ్వాలని తేల్చింది. తీర్పు రాగానే వచ్చిన మొదటి గగ్గోలు ఏమిటంటే, ఇలాగైతే వృద్ధుల సంరక్షణ మధ్యతరగతికి అందదని.

ఈ అభ్యంతరాన్ని కొట్టిపారేయను. సంరక్షణ అవసరమైన వృద్ధుల్లోనూ ఎక్కువ మంది స్త్రీలే, చిన్న పెన్షన్ల మీద బతికేవాళ్లే. అలాగని ఒక ముసలి స్త్రీ అవసరాన్ని చూపించి ఇంకో స్త్రీ కూలి ఎగ్గొట్టడం పరిష్కారం అవుతుందా? ఇద్దరి మధ్యా తగువు పెట్టి తప్పుకుంటున్నది రాజ్యం. సంరక్షణ ప్రజా బాధ్యత అని ఒప్పుకుని, దానికి సంపద మీద, లాభాల మీద పన్ను వేసి డబ్బు సమకూర్చే బదులు, సరిహద్దు అవతలి తక్కువ కూలితో పని గడుపుకుంటోంది.

మన సంగతి

ఇదంతా యూరప్ ముచ్చట అని చదివి వదిలేయలేం. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్‌కి ఇంటిపనికి వెళ్లిన మన ఆడవాళ్లు ఇదే సూత్రం కింద పనిచేస్తున్నారు. మీ దేశంలో రూపాయికి బోలెడు వస్తుంది, మీకు ఇంత చాలు అన్నది అక్కడి యజమాని మాటే అనుకోకండి. 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్ దేశాలకి వెళ్లే కార్మికుల కనీస సిఫార్సు వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడ్డాక, నిరసనలు వచ్చాక, 2021లో పాత వేతనాలు పునరుద్ధరించింది. తన పౌరుల చౌకదనాన్ని తానే ప్రకటన చేసి అమ్ముకోబోయిన రాజ్యం మనది.

పన్ను సంగతీ అంతే. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు మన దగ్గర శానిటరీ ప్యాడ్ల మీద 12 శాతం వేశారు. దేశమంతా నిరసనలు వచ్చాక 2018 జులైలో ఎత్తేశారు. అప్పుడు మనం గెలిచామని సంబరపడ్డాం, పడవలసిందే. కానీ లోపలి లెక్క చూడాలి. మన దగ్గర ఇచ్చింది మినహాయింపు. దాని కింద తయారీదారు తాను దూది మీదా ప్లాస్టిక్ మీదా కట్టిన పన్నుని వెనక్కి తీసుకోలేడు, దాన్ని ధరలో కలిపేస్తాడు. అందుకని 12 శాతం పన్ను పోయినా ధర 12 శాతం తగ్గదు. బ్రిటన్‌ది సున్నా రేటు. అక్కడ ముడిసరుకు మీది పన్ను కూడా వెనక్కి వస్తుంది. ‘మినహాయింపు’, ‘సున్నా రేటు’ అనే రెండు మాటల మధ్య ఎన్ని కోట్ల మంది ఆడపిల్లల డబ్బు ఉందో ఆలోచించండి. ఈ తేడా తెలియకుండా వినతిపత్రం ఇస్తే, మనం అడిగింది ఇచ్చేశామని ప్రభుత్వం చెప్పగలుగుతుంది.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. వేతనమైనా, భత్యమైనా పనిచేసే చోటుని బట్టి ఉండాలి తప్ప పుట్టిన చోటుని బట్టి కాదు. అవసర వస్తువులకి నిజమైన సున్నా రేటు కావాలి. తగ్గిన ఆదాయాన్ని సంపన్నుల ప్రత్యక్ష పన్నుల నుంచి రాబట్టాలి. మారకపు రేటు జూదాన్ని సామాన్య కుటుంబాల నెత్తిన పెట్టే అప్పుల్ని నిషేధించాలి. జీవన వ్యయం లెక్క కట్టేటప్పుడు జీతం లేని పని గంటల్ని కూడా లెక్కపెట్టాలి. మన దేశ 2019 సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. లెక్క ఉంది. దాన్ని బడ్జెట్ దాకా తీసుకువెళ్లాల్సినవాళ్లం మనం.

సంఘాల్లో పనిచేసే మిత్రులకి ఒక ప్రతిపాదన. వచ్చే సమావేశాల్లో ఒక పూట కేటాయించి, నాలుగు ఇళ్ల నెల ఖర్చు రాసి చూడండి. అందులో పన్ను ఎంత, అప్పు వాయిదా ఎంత, గల్ఫ్ నుంచో ఇంకెక్కడి నుంచో వచ్చే డబ్బు ఎంత, ఆ డబ్బు రావడానికి ఇంట్లో ఎవరు ఎవరి పనిని జీతం లేకుండా చేస్తున్నారు – ఇవన్నీ ఒకే కాగితం మీదికి తెండి. ఆస్ట్రియా చట్టాన్ని కోర్టు కొట్టేసేలా చేసింది కూడా ఇలాంటి ప్రశ్నే – అందరిలాగే పన్ను కడుతున్నప్పుడు నా బిడ్డకి సగం ఎందుకు? మన కాగితం మీద తేలే ప్రశ్నల్ని పట్టుకుని తాసీల్దారు ఆఫీసుకీ, బ్యాంకుకీ, శాసనసభ్యుల దగ్గరికీ వెళదాం.